తాత జడ వేయడం నేర్చుకున్న ఏడు

ఖమ్మంలో మేముండే వీధి చివర ఒక గానుగ నూనెల దుకాణం ఉంది. సాయంత్రం బడిలో పాఠాలు చెప్పి ఇంటికి వచ్చేటప్పుడు దాని ముందు నుంచే నడవాలి. వేరుశనగ, నువ్వులు, కొబ్బరి వాసనలన్నిటినీ పక్కకు నెట్టి ఒక్కోనాడు కాచిన ఆముదం వాసన, బరువుగా, కాస్త చేదుగా, కాస్త పొగచూరినట్టుగా వచ్చి ముఖానికి తగులుతుంది. నాతో నడిచే తోటి పంతులమ్మలు ముక్కు మూసుకుని జల్దీ జల్దీగా దాటిపోతారు. నేను మాత్రం చేతిసంచీ సర్దుకుంటున్నట్టు నటిస్తూ ఒక్క నిమిషం అక్కడే నిలబడతాను. ఆ వాసనలో మా నాయనమ్మ తల ఉంది, ఆ తల వెనక పీట వేసుకుని కూర్చున్న మా తాత ఉన్నాడు, వాళ్లిద్దరి చుట్టూ గోదావరి ఒడ్డున మా ఊరంతా ఉంది.

దుమ్ముగూడేనికీ పర్ణశాలకూ నడుమ, ఒక పక్క ఏరు, ఇంకో పక్క అడవి ఉన్న చిన్న ఊరు మాది. ఎండలు ముదరకముందే ఇప్పపూలు రాలి, తెల్లవారేసరికి ఊరంతా తియ్యగా మత్తుగా ఉండేది. ఆ తర్వాత బీడీలు చుట్టే తునికాకు కోతకు ఆడవాళ్లు చీకటితోనే గుంపులుగా అడవికి పోయేవాళ్లు, వస్తూ వస్తూ కొంగుల్లో మొర్రిపండ్లు, తునికిపండ్లు మూటగట్టుకొచ్చి మా దోసిళ్లలో పోసేవాళ్లు. తొలకరి పడగానే పుట్టగొడుగులు, లేత వెదురు కొమ్ముల కూర, ఏటి ఎర్రనీళ్లలో ఎదురీదే చేపల పులుసు. చలికాలమంతా ఉప్పేసి ఉడకబెట్టిన కందికాయలు, రేగుపండ్లు. శ్రీరామనవమికి భద్రాచలం నడిచిపోయే జనం మా ఊరి మీదుగా పోతుంటే, మా నాయనమ్మ ఇంటి ముందు పందిరి కింద గాబు నిండా పానకం కలిపి, మిరియాలూ శొంఠీ ఘాటు సరిపోయిందో లేదో ముందు నా చేత రుచి చూపించి, నాకు పొలమారితే అప్పుడు సరిపోయిందని నవ్వేది.

నాయనమ్మ పేరు నర్సమ్మ. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో ఒక పని మీద ఉండే మనిషి. ఊళ్లో ఎవరికి ఎవరు ఏమవుతారో, ఏ ఇంటి కోడలు ఏ ఊరి ఆడపడుచో, ఎవరి గేదె ఏ కాలంలో ఈనిందో ఆమెను అడగాల్సిందే. పెళ్లి సంబంధం కలుపుకునేవాళ్లు వరస కుదురుతుందో లేదో తేల్చుకోవడానికి మా అరుగు మీదికే వచ్చేవాళ్లు. మధ్యాహ్నం పూట నన్నూ నా స్నేహితురాళ్లనూ కూర్చోబెట్టుకుని చింతగింజలతో వామనగుంటలు ఆడేది. గింజలు పంచేటప్పుడు చిటికెన వేలి కింద ఒకటి దాచేదని మాకందరికీ తెలుసు, కానీ ఎన్నడూ పట్టుకోలేకపోయాం.

తాత దానికి పూర్తిగా వేరు. లంకభూమిలో మిరప పండించేవాడు. చేను నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని ఒక్కసారి గొంతు సవరించుకుంటే చాలు, నీళ్ల చెంబు, తుండుగుడ్డ, చుట్ట, అగ్గిపెట్టె ఆ వరసలో నాయనమ్మ చేతి మీదుగా వచ్చేవి. తన కంచంలో తాను అన్నం వడ్డించుకోగా ఎవరూ చూడలేదు. నాయనమ్మతో నాలుగు మాటలు కలిపి మాట్లాడగా నేనైతే వినలేదు. వాళ్లిద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టమో కాదో అన్న ఆలోచనే మా పిల్లలకు వచ్చేది కాదు, ఇంటి దూలానికీ గోడకూ ఇష్టం ఉంటుందా అని ఎవరనుకుంటారు?

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు నాయనమ్మ మతి తప్పడం మొదలైంది. మొదట్లో మేం నవ్వుకున్నాం. చారులో ఉప్పు రెండుసార్లు వేసేది, బెల్లం గడ్డ తీసుకెళ్లి కోళ్ల గంప కింద దాచేది, మా నాన్న పొద్దున్నే బస్సు కండక్టరు డ్యూటీకి పోతే పొద్దుగూకే దాకా "పిలగాడు బడి నుంచి రాలేదేందే" అని మా అమ్మను అడుగుతూనే ఉండేది. ఆ తర్వాత నవ్వు పోయింది. తన వెండి కడియాలు మా అమ్మ ఎత్తుకుపోయిందని వీధిలో నిలబడి అరిచింది. వరసలు కలిపే మనిషి, ఇంటికొచ్చిన సొంత ఆడపడుచును "ఎవలమ్మా నువ్వు, ఏ ఊరు" అని అడిగింది. గాలి సోకిందన్నారు, తాత తాయెత్తు కట్టించాడు. తాయెత్తుతో ఏమీ కాలేదు. భద్రాచలం దవాఖానాలో డాక్టరు ఇది వయసుతో వచ్చే మతిమరుపు జబ్బని, ముదురుతుందే తప్ప తగ్గదని, మందుల కంటే మనిషి తోడే ముఖ్యమని చెప్పి పంపాడు.

తాతకు ఆ మాట అర్థం కాలేదు. అర్థమైనా మింగుడు పడలేదు. ముందు కోప్పడ్డాడు. "నిన్న చెప్పిన గదనే, మళ్ల అదే అడుగుతవేంది" అని కసిరేవాడు. ఆమె బిక్కముఖం వేసేది, కాసేపటికి మళ్లీ అదే అడిగేది. తర్వాత సిగ్గుపడ్డాడు. ఎవరైనా వస్తున్నారంటే ఆమెను వెనక గదిలోకి పంపేవాడు. సాయంత్రమయ్యేసరికి ఆమె పాత చీరలో రెండు బట్టలు మూటగట్టుకుని "మా అమ్మగారింటికి పోవాలె, పడవెళ్లిపోతది" అంటూ గడప దాటేది. ఏటికి అవతలి ఒడ్డున ఆమె పుట్టిన ఊరు. వాళ్లమ్మ నేను పుట్టడానికి ఏళ్ల ముందే చనిపోయింది. "మీ అమ్మ ఎక్కడున్నది, ఎన్నడో సచ్చిపాయె" అని తాత అంటే, ఆ కబురు అప్పుడే మొదటిసారి విన్నట్టు గుండెలు బాదుకుని ఏడ్చేది. చివరికి తాత ఆ గదికి బయట గొళ్లెం బిగించాడు. ఆ గొళ్లెం చప్పుడుకు మా అమ్మ తల దించుకునేది, కానీ మామకు ఎదురు చెప్పే రోజులు కావవి.

వానలు బాగా పడి గోదావరి ఎర్రగా పొంగుతున్న కాలంలో, అమ్మ నాట్లకు పోయిన ఒక మధ్యాహ్నం, తాత ఆమెను గదిలో పెట్టి చేను గట్టు తెగిందేమో చూసిరావడానికి వెళ్లాడు. నేను బడి నుంచి వచ్చేసరికి గొళ్లెం వేసినట్టే ఉంది. గది వెనక గోడగా కట్టిన తడిక మాత్రం కింది నుంచి విప్పి ఉంది. లోపల ఎవరూ లేరు.

ఊరంతా కదిలింది. కొందరు ఏటి ఒడ్డుకు, కొందరు అడవి దారికి పరిగెత్తారు. తాత రేవు వైపు వెళ్లాడు, నేను ఏడుస్తూ ఆయన వెనక పడ్డాను. రేవులో పడవ లేదు, పొంగుకు పడవ నడిపే సమ్మయ్య దాన్ని ఎగువన కట్టేశాడు. నీళ్లు మెట్లన్నీ మింగి, కొమ్మలనూ చెత్తనూ తిప్పుకుంటూ పోతున్నాయి. తాత ఆ నీళ్ల వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. నా భుజం పట్టుకుని నిలబడ్డాడు.

సమ్మయ్య పడవ కట్టిన చోటికి పోయి చూద్దామని ఒడ్డు వెంట ఎగువకు నడిచాం. అక్కడ టేకు చెట్ల కింద నాయనమ్మ మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. పక్కన పుట్టగొడుగుల గంపలతో ముగ్గురు కోయ ఆడవాళ్లు. అడవి నుంచి తిరిగి వస్తూ ఆమెను చూసి ఆగారట. వాళ్లలో పెద్దావిడ తన కొంగు ఆమె తల మీద కప్పి, సొరబుర్రలోని జావ తాగిస్తూ తన భాషలో ఏదో చెబుతోంది. నాయనమ్మ తెలుగులో తన పుట్టింటి ముచ్చట్లు చెబుతోంది. ఒకరి మాట ఇంకొకరికి పూర్తిగా తెలిసినట్టు లేదు, ఇద్దరూ తలలు మాత్రం ఊపుతున్నారు.

తాత పరుగున పోయి చెయ్యెత్తాడు. ఆ పెద్దావిడ కూర్చున్న చోటు నుంచే తన చెయ్యి అడ్డం పెట్టి, సంతల్లో నేర్చిన తెలుగులో అంది.

"తిట్టకయ్యా. పడవ కోసం సూస్తాంది. పడవ ఇంక రాలేదని చెప్పినం. మంచిగ కూసున్నది."

అంతే. ఎత్తిన చెయ్యి తాత మెల్లగా దించాడు. బురదలోనే నాయనమ్మ పక్కన కూర్చున్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, నేను ఎన్నడూ వినని మెత్తని స్వరంతో అన్నాడు.

"పడవ ఇయ్యాల రాదంట నర్సూ. రేపు పోదాం. ఇంటికి పోయి బువ్వ తిందాం పా."

నాయనమ్మ ఆయన ముఖంలోకి ఒకసారి చూసి, మూట ఆయన చేతికిచ్చి లేచింది. ఇంటికి రాగానే తాత గొడ్డలి తిరగేసి గొళ్లెం ఊడగొట్టాడు.

ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం వాళ్లిద్దరూ రేవుకు పోయేవాళ్లు. మూట తాత చంకలో, నాయనమ్మ చెయ్యి తాత చేతిలో. ఊరి మగవాళ్లు మొదట చాటున నవ్వారు, పెళ్లాం చెయ్యి పట్టుకుని వీధిలో నడిచిన మగాణ్ని మా ఊరు అంతకుముందు చూసి ఎరగదు. తాత ఎవరి వైపూ చూసేవాడు కాదు. సమ్మయ్య గడ నీళ్లలో దింపి ఆకాశం వైపు చూసి, "ఇయ్యాల ఎదురుగాలి ఉన్నది పెద్దమ్మా. రేపు తప్పకుండ దాటిస్త" అనేవాడు. "అవ్, మా అమ్మ ఎదురుసూస్తది మరి. రేపు జల్దీ రా" అని ఆమె గట్టిగా చెప్పేది. ఆ తర్వాత ఇద్దరూ ఒడ్డున కాసేపు కూర్చుని, పొద్దు ఏట్లో మునిగాక, ఊరికి పోయి వచ్చినంత నిమ్మళంగా ఇంటికి వచ్చేవాళ్లు.

ఆమె ఆడవాళ్లను ఎవరినీ తల ముట్టనిచ్చేది కాదు, కడియాలు ఎత్తుకుపోతారని భయం. జుట్టు అట్టలు కట్టి పేలు పడ్డాయి. తాతనైతే రానిచ్చేది, ఆయన ఎవరో తెలిసి కాదు, రోజూ పడవ దగ్గరికి తీసుకెళ్లే మనిషని. అట్లా తల దువ్వే పని తాత మీద పడింది. ఆముదం కాచి, చల్లార్చి, మాడుకు పట్టించి, చిక్కులు తీయడం వరకు బాగానే చేశాడు. జడ దగ్గర చిక్కొచ్చింది. ఆయనకు తెలిసింది తాడు పేనడం. జుట్టును రెండు పాయలు చేసి, పలుపుతాడు పేనినట్టు పేని వదిలాడు. వదిలీ వదలగానే అది గిర్రున తిరిగి విడిపోయింది. నేను పగలబడి నవ్వాను. తాతకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"బుజ్జీ, నీకొచ్చా జడెయ్య? మరి నాకు సూపియ్యవే. తల ఇటు పెట్టు" అన్నాడు.

ఆ వానాకాలమంతా మా తాత నా తల మీద జడ నేర్చుకున్నాడు. మిరప పని చేసి మొద్దుబారిన వేళ్లు, గోళ్ల సందుల్లో ఎప్పుడూ మంట. మూడు పాయలు తీసి, ఎడమది మీదికి, కుడిది మీదికి అని గొణుక్కుంటూ, దారి తప్పి మళ్లీ మొదటికొచ్చి, ఊపిరి బిగబట్టి అల్లేవాడు. బడికి పోయేసరికి నా జడ ఒకనాడు ఎడమ చెవి మీదికి, ఇంకోనాడు నడినెత్తికి పోయేది. పిల్లలు ఎగతాళి చేస్తే "మా తాత ఏసిండు" అని తల ఎగరేసేదాన్ని. చలి మొదలయ్యేసరికి ఆయన జడ నిటారుగా, బిగువుగా, చివర రిబ్బను పువ్వుతో సహా దిగేది. మా అమ్మ కంటే బాగా వేసేవాడు. ఆ వెంటే గంజి కాచడం, నోట్లో ముద్ద పెట్టడం, చీర కుచ్చిళ్లు పెట్టడం నేర్చుకున్నాడు. నాయనమ్మ అరుగు మీద కూర్చోవాలన్నాడు, వెనక గదిలో కాదు. వచ్చేపోయేవాళ్లు పలకరించాలన్నాడు. ఆమె తప్పు వరసతో పిలిస్తే ఆ వరసతోనే పలకమని ఊరి వాళ్లకు చెప్పాడు. మా బడి పంతులును ఆమె "మరిదీ" అని పిలిస్తే, ఆయన ఆగి "ఏం వదినా, తిన్నవా" అని అడిగి మరీ పోయేవాడు.

అట్లాగని అంతా సాఫీగా నడవలేదు. కొన్నిరోజులు ఆమె తినదు, కొన్నిరోజులు రక్కుతుంది, పక్క తడుపుతుంది. తాత చిక్కిపోయాడు. చుట్ట మానేశాడు, అరుగు కబుర్లు మానేశాడు, చేను పాలుకిచ్చేశాడు. ఒకరోజు నాయనమ్మ వేడి గంజి గిన్నె విసిరేస్తే అది ఆయన పాదం మీద పడింది. ఆయన దొడ్లోకి పోయి, గడ్డివాము చాటున కూర్చుని, తుండుగుడ్డ నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. అది మా అమ్మ చూసింది. అమ్మ తడిగుడ్డ తెచ్చి ఆయన పాదానికి చుట్టి, తలెత్తి, పెళ్లయిన తర్వాత మొదటిసారి మామతో గట్టిగా మాట్లాడింది.

"మామా, రేపటి సంది వారం వారం సంతకు పో. పొద్దున పోయి మాపటికి రా."

"అది నన్ను తప్ప ఎవల్ని పక్కకు రానిస్తలేదు బిడ్డా."

"రానియ్యకపోతే నేను దూరంగ కూసుంట. నువ్వు గిట్లనే ఉండి పడిపోతే, ఇద్దర్ని నేనొక్కదాన్నే లేపాలె. అది సూడు ముందు."

తాత గొణిగాడు, వెళ్లనన్నాడు, చివరికి వెళ్లాడు. ఆ రోజంతా అమ్మకు నరకమే అయింది. కానీ ఇరుగుపొరుగు ఆడవాళ్లు వంతులేసుకుని వచ్చి గడప బయట కూర్చున్నారు, పూలు గుచ్చుతూ, పప్పు చెరుగుతూ, ఆమె తిడితే తిట్టించుకుంటూ. మాపటికి తాత బొరుగుల మూట, ఎండుచేపలు, సంత కబుర్లు మోసుకుని వచ్చాడు. నోట్లో చుట్ట ఉంది. ముఖం కడిగినట్టుగా ఉంది. ఆ తర్వాత సంత రోజు మా ఇంట్లో పండుగలాంటిది. తాత లేని పూట ఆమెకు ఆడవాళ్లూ మెల్లగా అలవాటయ్యారు. అమ్మ ఆ రోజు ఆ మాట అనకపోతే తాత ఆ ఏడు దాటేవాడు కాదని నా నమ్మకం. తాతను పొగిడిన వాళ్లను చాలామందిని చూశాను గానీ మా అమ్మను పొగిడిన వాళ్లు తక్కువ. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఎండాకాలం ఏరు సన్నబడి ఇసుక తిన్నెలు తేలాక, ఒకనాడు తాత సమ్మయ్యతో నిజంగానే దాటించమన్నాడు. "ఇన్నాళ్ల సంది అడుగుతున్నది. ఒక్కపాలి సూసొస్తే మనసు నిమ్మళమైతదేమో" అన్నాడు. నన్నూ తీసుకెళ్లారు. పడవలో నాయనమ్మ నీళ్లలో చెయ్యి పెట్టి చిన్నపిల్లలా నవ్వుతూ కూర్చుంది. అవతలి ఒడ్డున ఎండలో నడిచి వాళ్ల ఊరికి పోతే, పాత ఇల్లు లేదు, దాని చోట పెంకుటిల్లు లేచింది. ఆమె ఈడువాళ్లలో మరదలు ఒక్కతే మిగిలి ఉంది. ఆ ఇంటివాళ్లు కాళ్లకు నీళ్లిచ్చి, మామిడికాయ పప్పుతో అన్నం పెట్టారు. నాయనమ్మ శుభ్రంగా తిని, మూతి తుడుచుకుని, తాత చెవి దగ్గరికి వంగింది.

"మంచోళ్లే గని, ఇదేం ఊరయ్యా? మా ఊరికి పోదాం పా. పడవెళ్లిపోతది."

మరదలు కళ్లొత్తుకుంది. నాకు ఏడుపొచ్చింది. తాత మాత్రం నవ్వాడు. కోపం లేదు, నిరాశ కూడా లేదు. "పా మరి" అని లేచి మూట చంకలో పెట్టుకున్నాడు. తిరుగు పడవలో నాయనమ్మ ఆయన భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఆమె లేస్తుందేమోనని ఒడ్డు వచ్చేదాకా ఆయన కదలలేదు, ముఖం మీద వాలిన ఈగను కూడా తోలుకోలేదు.

చివరి చలికాలంలో ఆమె మాటలు తగ్గిపోయాయి. ఒక ఉదయం నీరెండలో తాత జడ వేస్తుంటే ఉన్నట్టుండి స్పష్టంగా మాట్లాడింది. నేను ఎదురుగా కూర్చుని లెక్కలు చేసుకుంటున్నాను.

"నీ చెయ్యి మెత్తగున్నదయ్యా. మా ఇంటాయన మంచోడే గని, ఒక్కనాడు గూడ నా తల ముట్టలే."

తాత చేతులు ఆగిపోయాయి. తర్వాత మళ్లీ అల్లడం మొదలుపెట్టాడు.

"ఆయనకు రాదేమో. నేర్పినోళ్లు లేకపోయిరి."

"నేర్పితే నేర్చుకుంటడా?"

"నేర్చుకుంటడు."

"అయితే చెప్పు ఆయనకు."

"చెప్త" అన్నాడు తాత. జడ చివరిదాకా అల్లి, రిబ్బను కట్టి, అప్పుడు లేచి దొడ్లోకి వెళ్లాడు.

ఆ చలికాలం పోకముందే నాయనమ్మ నిద్రలోనే వెళ్లిపోయింది. స్నానం చేయించడానికి ఆడవాళ్లు తల విప్పబోతే, తాత అడ్డం వచ్చాడు. "మేమున్నం గద పెద్దాయనా" అన్నారు. "దానికి నా చెయ్యి అలవాటు" అని పీట వేసుకుని కూర్చున్నాడు. అప్పుడు ఆ వాకిట్లో నవ్వేవాళ్లు ఎవరూ లేరు. తర్వాత ఆయన ఇంకా చాలా ఏళ్లు బతికాడు. చేను చేశాడు, సంతకు పోయాడు. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరింట్లోనైనా ముసలివాళ్లు మతి తప్పితే వాళ్ల కొడుకులు మా అరుగు మీదికి వచ్చేవాళ్లు. తాత పెద్దగా ఏమీ చెప్పేవాడు కాదు. "కోపమొస్తే బయటికి పోయి రా, మళ్ల లోపలికి రా" అనేవాడు.

మొన్న సెలవుల్లో ఊరికి పోయాను. రేవులో ఇప్పుడు పడవ లేదు, సమ్మయ్య లేడు. గడ్డి కప్పులూ పెంకులూ పోయి స్లాబులు వచ్చాయి. అడవి ఊరిని వదిలి దూరం జరిగింది, మొర్రిపండ్లు తిందామంటే దొరకలేదు. అరుగులు కొట్టేసి ఇనుప గేట్లు పెట్టుకున్నారు, నీరెండలో కూర్చుని పేరు పెట్టి పిలిచే ముసలివాళ్లు ఒక్కరూ కనిపించలేదు. ఉన్నారు, లోపల టీవీల ముందు ఉన్నారు.

మా అమ్మకు ఇప్పుడు డెబ్బై దాటాయి. ఊళ్లోనే నా తమ్ముడి దగ్గర ఉంటుంది, ఇంకా చురుగ్గానే ఉంది. వంటింటి గుమ్మంలో కూర్చుని ఇద్దరం చిక్కుడుకాయలు ఒలుస్తుంటే, మధ్యలో తలెత్తకుండానే అంది.

"బిడ్డా, రేపు నాకు గూడ గట్లయితే, నన్ను లోపల పెట్టి దాచకుండ్రి. నలుగురు కనబడే కాడ కూసోబెట్టుండ్రి. ఎవల్ని ఏమని పిలిసినా పలకమనుండ్రి."

"అట్లనే అమ్మా" అన్నాను.

"తమ్మునికి గూడ చెప్పు."

"చెప్త" అన్నాను. అమ్మ సరేనన్నట్టు తలూపి, ఒలిచిన గింజలను నా వైపు జరిపి, పొట్టు పారబోయడానికి లేచింది.